ఏ వాసనా లేని కారు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా ధర్మవరంలో ఫలానా చింతచెట్టు కింద తెల్లచీర ఆడమనిషి నిలబడుతుందని పెద్దవాళ్లు కూడా చెప్పుకునేవాళ్లు. నేను ఆ చెట్టు కిందే కూర్చుని చింతకాయలు తిన్నదాన్ని. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి పరుగెత్తేవాళ్లను మొహాన్నే తిట్టేదాన్ని. ఇప్పటికీ నా బుద్ధి అదే.

ముందే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను ఆ జట్టులో కలపకండి. నేను దేన్నీ చూడలేదు. ఏ గొంతూ వినలేదు. ఒక వాసన మాత్రం వచ్చింది. అది నాతోపాటు ఇంకో ముగ్గురికి వచ్చింది.

నా ముక్కు మీద నాకు కాస్త పొగరు. పాలు విరగబోతున్నాయని కాచకముందే చెప్పేదాన్ని. మా ఆయన ఎవరి పక్కన కూర్చుని బీడీ కాల్చాడో ఇంట్లోకి రాగానే కనిపెట్టేదాన్ని. ఆ ముక్కే మా సంసారానికి అన్నం పెట్టిందంటే మీరు నవ్వుతారు కానీ, నిజం.

మా ఆయన ఓబులేసుకు పాత అంబాసిడర్ ఒకటి ఉండేది. డెబ్బైల చివర మాట ఇది. ఊళ్లో ఇంకొన్ని బాడుగ కార్లు ఉన్నా, ఒక పట్టుచీరల సావుకారు మాత్రం మా కారునే పిలిచేవాడు. పెళ్లి చీరలు బెంగుళూరు అంగళ్లకు పంపాలంటే లారీలో వేయడానికి ఆయనకు మనసొప్పేది కాదు. పట్టుకు ఒక గుణం ఉంది. పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పట్టేసుకుంటుంది. కారులో ఎవరైనా బీడీ కాలిస్తే, ఎండు చేపలు పెడితే, పెట్రోలు కారితే, మరునాడు అంగట్లో చీర మడత విప్పగానే బయటపడుతుంది.

చెడ్డ వాసనే కాదు, మంచి వాసన కూడా ఉండకూడదనేవాడు సావుకారు. "మల్లెపూల వాసన వచ్చిందనుకోమ్మా, ఎవురో కట్టి ఇడిచిన చీర అనుకుంటారు. నీ కారులో ఏమీ ఉండకూడదు," అని నాతో అన్నాడు. ఆ పని నా నెత్తిన పడింది. తక్కిన కార్లవాళ్లు అద్దానికి పూలదండలు వేలాడదీసి, అగరుబత్తి గుచ్చి, అదే శుభ్రం అనుకునేవాళ్లు. మా కారులో దేవుడి పటానికి కూడా పువ్వు పెట్టనిచ్చేదాన్ని కాదు. పటం ఉండేది, కుంకుమ బొట్టు ఉండేది, అంతే.

తెల్లవారగానే నాలుగు తలుపులూ తెరిచేదాన్ని. కింద పరిచిన గోనెపట్టలు తీసి ఎండలో దులిపేదాన్ని. కుంకుడు రసం కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, సీట్లు తుడిచేదాన్ని. సీట్ల కింద పలచటి గుడ్డలో కట్టిన బొగ్గుల మూటలు పెట్టేదాన్ని. బొగ్గు వాసనను లాగేస్తుంది. వారానికోసారి ఆ బొగ్గులు ఎండబెట్టాలి, లేకపోతే తాగినదంతా తిరిగి కక్కుతాయి. ఇంకో నియమం, సరుకు ఎక్కాక కారు ఎక్కడ ఆగినా మొట్టమొదట అద్దాలెత్తాలి. మా వైపు దుమ్ము సంగతి తెలిసిందే కదా, వానలు మొహం చాటేసిన ఏడైతే చెప్పనే అక్కర్లేదు. ఆ అలవాటు మా ఇద్దరి చేతుల్లోకీ ఎంతగా ఎక్కిందంటే, ఖాళీ కారు ఆపినా చేయి దానంతటదే అద్దం తిప్పేది.

ఈ విద్య నాకు నేర్పింది లింగమ్మక్క. మా వీధిలోనే, రెండిళ్ల అవతల ఉండేది. భర్త పోయాక ఆమే గుంత మగ్గం మీద కూర్చుని నేసి, కొడుకు వెంకటేశును, కూతురు పద్మను పెంచింది. మాట కరుకు, మనసు మెత్తన. బొగ్గుల సంగతి, కుంకుడు రసం సంగతి ఆమె చెప్పినవే.

నేసేవాళ్ల ఇళ్లలో పట్టుచీర ఉండడం అరుదు. నేసింది నేసినట్టు సావుకారు ఇంటికి పోతుంది. లింగమ్మక్క మాత్రం పద్మ కోసం ఒక చీర నేసింది. కూలి నేత ముగిశాక, మిగిలిన వెలుతురులో కొంచెం కొంచెంగా, ఎన్నాళ్లకో పూర్తి చేసింది. మెరూన్ రంగు ఒళ్లు, మామిడి పిందెల అంచు. దాన్ని రేకు పెట్టెలో పెట్టి, మడతల మధ్య దవనం పెట్టింది. దవనం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అది బూడిద రంగు ఆకులుండే చిన్న మొక్క. పూలతో కలిపి కడతారు. ఎండినా ఏళ్ల తరబడి వాసన పోదు. ఆ పెట్టె మూత తీస్తే వాకిట్లో నిలబడిన మనిషికి తెలిసిపోయేది.

నేనొకసారి, "మా సావుకారు చూస్తే నిన్ను తిడతాడక్కా, పట్టుకు వాసన తగలనిస్తావా," అని ఆట పట్టించాను.

"అమ్మే చీరకు వాసన ఉండకూడదు. కట్టుకునే చీరకు ఉండాల," అంది.

పద్మకు పుట్టుకతోనే గుండె బలహీనం. నాలుగడుగులు గట్టిగా నడిస్తే ఆయాసం. అయినా ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. ఆసు మీద పట్టు దారం చుడుతూ ఏదో ఒకటి పాడుకునేది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో, ఆ ఎండాకాలం ఉన్నట్టుండి కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరాడలేదు. వెంకటేశు బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. లింగమ్మక్క వెంట పోవలసింది. ప్రయాణం ముందురోజే మగ్గం గుంతలోకి దిగబోయి జారి కాలు విరగ్గొట్టుకుంది. వెదురు బద్దలతో కట్టు కట్టారు, మంచం దిగకూడదన్నారు. కూతురిని సాగనంపడానికి గడప దాకా కూడా రాలేకపోయింది. ఆ బాధ ఆమె మొహంలో నేను రోజూ చూశాను.

వారం గడిచింది. ఒకరోజు తెల్లవారుతుండగా సావుకారు అంగట్లో ఫోను మోగింది. గుమాస్తా పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడు. పద్మ రాత్రి పోయింది. వెంకటేశు ఒక్కడే అక్కడ ఉన్నాడు, ఏం చేయాలో తోచక ఏడుస్తున్నాడు.

లింగమ్మక్కకు చెప్పింది నేనే. ఆమె ఏడవలేదు. రేకు పెట్టె వైపు చూసి, నా చేయి పట్టుకుంది.

"దాన్ని ఇంటికి తీసుకోని రా రత్నా. నా చేత్తో చీర కప్పాల. పువ్వు కూడా నేనే పెట్టాల. దోవలో ఏమీ కొనొద్దు, ఏమీ పెట్టొద్దు."

సరేనన్నాను కానీ, అడ్డం ఉంది. మా వీధికి పెద్ద రామప్ప తాత. ఊరి బయట ప్రాణం పోయినవాళ్లను వీధిలోకి తేవడమే కొందరికి ఇష్టం లేదు. తాత దానికి ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. మే నెల, బెంగుళూరు నుంచి అంత దూరం. వీధి పొడుగునా పట్టు దారాల పడుగులు సాగదీసి ఉన్నాయి, ప్రతి ఇంట్లో మగ్గం మీద పెళ్లి చీర ఉంది. అంతకుముందు ఒక ఎండాకాలం ఎక్కడి నుంచో ఒక దేహాన్ని అలాగే తెస్తే, పడుగులకు పట్టిన వాసన వదలక ఎన్నో ఇళ్లు నష్టపోయాయి.

"కారు ఈది మొగదాల ఆపండి. నేనే తలుపు తీసి చూస్తా. వాసన కొడితే లోపలికి రానీను. నేరుగా గుంత కాడికే," అన్నాడు తాత. చెబుతూ చెబుతూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అందుకే ఆ మాటను కాదనలేకపోయాం.

నేరుగా శ్మశానానికి అంటే ఏమిటో మాకు తెలుసు. అది ఏటికి అవతల ఉంది. మాలో ఆడవాళ్లు అక్కడికి పోరు. పైగా లింగమ్మక్క మంచం దిగలేదు. అంటే ఆమె కూతురి మొహం ఇంక చూడదు. అన్నాళ్లు నేసిన చీర పెట్టెలోనే ఉండిపోతుంది.

మా ఆయన కారు పక్కన కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. శవాన్ని ఎక్కించిన కారులో సావుకారు పట్టు ఎక్కించడని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయనే కండువా దులిపి భుజాన వేసుకుని, "నువ్వు గూడా ఎక్కు. ఆడబిడ్డ, పక్కన ఆడమనిషి ఉండాల," అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ రోజు పట్టు సరుకు ఎక్కాల్సిన రోజు. ముందురోజంతా నేను కారును అందుకే సిద్ధం చేశాను. బొగ్గులు కొత్తవి, గోనెపట్టలు ఎండబెట్టినవి, సీట్లు తుడిచి ఆరబెట్టినవి. కోర్టులో నిలబెట్టి అడిగినా చెబుతాను, ఆ కారులో ఏ వాసనా లేదు.

ఆసుపత్రిలో పనులన్నీ అయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పద్మను వెనక సీటులో, కిటికీ పక్కన కూర్చోబెట్టాం. ఆ రోజుల్లో అలాగే తీసుకువచ్చేవాళ్లు. తెల్ల దుప్పటి చుట్టాం, మొహం మాత్రం కనపడుతూ ఉంది. నిద్రపోతున్నట్టే ఉంది. ఆసుపత్రి మనిషి చెబితే ఒక మంచు దిమ్మె కొని, పొట్టు నింపిన గోనెలో చుట్టి ఆమె కాళ్ల దగ్గర పెట్టాం. నేను పక్కన కూర్చుని ఆమె భుజం చుట్టూ చేయి వేసి పట్టుకున్నాను. వెంకటేశు ముందు సీటులో కూర్చున్నాడు. ఆసుపత్రి బయట పూలమ్మేవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. లింగమ్మక్క మాట గుర్తుంచుకుని అటు చూడను కూడా చూడలేదు.

బాగేపల్లి దాటేసరికి గాలి మారింది. మా సీమ గాలి ఎలా ఉంటుందో అక్కడి నుంచే మొదలు. కిటికీలోంచి వచ్చే గాలి మొహాన్ని కాల్చేస్తోంది. మంచు కరిగి తలుపు సందులోంచి రోడ్డు మీద చుక్కలు చుక్కలుగా కారుతోంది. నేను ప్రతి ఊపిరిలోనూ వాసన చూసుకుంటూ కూర్చున్నాను. అప్పటిదాకా ఏమీ లేదు. ఇలాగే పోతే దీపాలు పెట్టకముందే చేరతామని లోలోపల లెక్క వేసుకున్నాను.

కొడికొండ దాటిన కాసేపటికి ఇంజను మీద నుంచి పొగలా ఆవిరి లేచింది. రేడియేటర్ పైపు పగిలిపోయింది. మా ఆయన గుడ్డ చుట్టాడు, తీగ బిగించాడు. నిలవలేదు. కొత్తది పెనుకొండలోనే దొరకాలి. చాలాసేపటికి ఒక లారీ వచ్చింది. "ఈడనే ఉండండి, వస్తా," అని దాన్ని ఎక్కి వెళ్లిపోయాడు.

అక్కడ ఏముంది, ఏమీ లేదు. రెండు పక్కలా ఎర్రటి మెట్టచేలు, దూరంగా బండల గుట్ట, రోడ్డు పక్కన ఆకు రాలిన తుమ్మచెట్టు. నేనూ వెంకటేశూ కారు నీడలోనే నేల మీద కూర్చున్నాం.

కూర్చున్న కాసేపటికి తల ఎత్తి చూశాను. నాలుగు అద్దాలూ ఎత్తి ఉన్నాయి. ఆయన ఎక్కిన లారీ దుమ్ము లేపుకుంటూ పోయినప్పుడు నా చేతులే ఎత్తేశాయి. కారు ఆగింది, దుమ్ము లేస్తోంది, లోపల సరుకుంది, అంతే వాటికి తెలిసింది. గాలి తగలకపోతే పట్టు పదిలంగా ఉంటుంది. మనిషి దేహం పట్టు కాదు కదా. మే నెల మధ్యాహ్నం, మూసిన ఇనుప కారు.

వెంటనే లేచి అద్దాలు దించవచ్చు కదా అని మీరడుగుతారు. లేచాను. తలుపు పిడి మీద చేయి వేశాను. పిడి చుర్రుమని కాలింది. అప్పటికే ఆలస్యం అయిందేమోనన్న భయం పట్టుకుంది. తెరిస్తే తెలిసిపోతుంది. తెలిశాక ఇంక చేయగలిగింది ఏమీ ఉండదు. నా ముక్కు నాకు అబద్ధం చెప్పదు, అదే నా భయం. చేయి వెనక్కి తీసుకుని మళ్లీ కూలబడ్డాను. ఎంత పిరికితనమో నాకు తెలుసు.

"రామప్ప తాత రానిస్తాడంటావా అక్కా?" అన్నాడు వెంకటేశు.

"ఏమో నాయనా."

తలుపు కింద రోడ్డు మీద నీటి మరక ఉండేది. చూస్తుండగానే అది చిన్నదైంది, ఆరిపోయింది. కొత్త చుక్క పడలేదు. అంటే మంచు అయిపోయింది. అద్దం మీద రెండు ఈగలు వాలి, కాసేపు పాకి, ఎగిరిపోయాయి. వాటిని చూసి వెంకటేశు మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

అక్కడ కూర్చునే నేను అబద్ధం తయారు చేసుకోవడం మొదలుపెట్టాను. కారును వీధిలోకి రానివ్వరని తేలిపోయింది నా మనసుకు. ఆ తర్వాత లింగమ్మక్క నన్ను ఒక మాట అడుగుతుంది. తల్లి కదా, అడగకుండా ఉండదు. దానికి నేను ఏం చెప్పాలి, ఎలా చెబితే నమ్ముతుంది, మొహం ఎటు పెట్టుకోవాలి, ఇదంతా మనసులో పదే పదే అనుకుంటూ కూర్చున్నాను.

పొద్దు పడమటికి బాగా వాలాక మా ఆయన ఇంకో లారీలో వచ్చి దిగాడు. కారు దగ్గరికి వస్తూనే అద్దాలు చూసి నిలిచిపోయాడు.

"అయ్యో! ఏం పని చేసినావే?"

ఆయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, వెనక తలుపు లాగాడు. లోపలి వేడి ఒక్కసారిగా మా ముగ్గురి మీదికి వచ్చింది. ఆ వేడితోపాటు వచ్చింది దవనం వాసన.

ఎండిన దవనం కాదు. ఎండిన దానికి కాస్త దుమ్ము కలిసిన వాసన ఉంటుంది. ఇది అప్పుడే తుంచి చేతుల్లో నలిపినంత పచ్చిగా ఉంది. మా ఆయన కండువా జారిపోయింది. వెంకటేశు లేచి వచ్చి, వాకిట్లో నిలబడ్డట్టు తలుపు దగ్గర నిలబడిపోయాడు.

"దవనం యాడిది?" అన్నాడు మా ఆయన నాతో, కొంచెం కోపంగానే. "పెట్టొద్దన్నారు గదా."

నేను పెట్టలేదని చెప్పాను. వెంకటేశును అడిగాను. కొనలేదన్నాడు, తల్లి మీద ఒట్టు వేశాడు. కొందామన్నా ఎండలు అంత ముదిరాక మా వైపు సంతల్లో పచ్చి దవనం కనపడదు. నేను ఊరుకునే రకం కాదు. సీట్ల కింద చూశాను, బొగ్గుల మూటలు విప్పి చూశాను. తడి గోనె ఎత్తి, పొట్టు రోడ్డు మీద దులిపాను. దుప్పటి అంచులు తడిమాను. పద్మ జడలో వేళ్లు పెట్టి చూశాను. ఒక్క ఆకు లేదు. పద్మ మొహం ఎలా ఉందో అలాగే ఉంది. అంత వేడిలో ఉన్నా నుదురు చల్లగా తగిలింది నా చేతికి. ఆ చల్లదనం మంచు వల్ల కావచ్చు. దాని గురించి నేను వాదించను.

పైపు బిగించి బయలుదేరాం. ఈసారి అన్ని అద్దాలూ దించేశాం. గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతూనే ఉంది. ఏ వాసనైనా అలాంటి గాలికి పలచబడాలి. ఇది పలచబడలేదు.

మా వీధి మొగదలకు చేరేసరికి మసక పడుతోంది. జనం ఉన్నారు కానీ ఎవరూ దగ్గరికి రాలేదు. రామప్ప తాత ఒక్కడే కండువా ముక్కుకు చుట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. నాకు ఆ క్షణం ఎలా ఉందంటే, పరీక్ష పద్మది కాదు, నాది అన్నట్టుంది. తాత తలుపు తీశాడు. తల లోపలికి పెట్టాడు. మెల్లగా కండువా విప్పేశాడు.

"దవనం ఎవురు పెట్టినారప్పా?"

"ఎవురూ పెట్టలేదు తాతా," అన్నాడు వెంకటేశు.

తాత పద్మ మొహం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పక్కకు తప్పుకుని, వీధిలో ఉన్నవాళ్లకు పడుగులు పైకెత్తి పట్టుకోమని చేయి ఊపాడు.

"పోనీండి. అమ్మ కాడికి తీసుకోని పోండి."

లింగమ్మక్కను గడపలో కూర్చోబెట్టారు, కట్టు కట్టిన కాలు బారచాపుకుని. పద్మను ఆమె ముందు చాప మీద పడుకోబెట్టాం. ఆమె కూతురి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కాసేపటికి నా వైపు చూసి, చీర తెమ్మంది.

నేను లోపలికి వెళ్లాను. రేకు పెట్టె మామూలుగా గోడవారగా ఉండేది. ఆ రోజు అది లింగమ్మక్క మంచం పక్కకు చేరి ఉంది. మూత ఎత్తాను. అలవాటుగా ముక్కుపుటాలు విప్పుకుని ఎత్తాను. ఏమీ రాలేదు. చీర ఉంది. మడతల మధ్య దవనం కూడా ఉంది, అదే బూడిద రంగు, అదే కట్ట, దారం కూడా విప్పలేదు. తీసి ముక్కుకు ఆనించుకున్నాను. నలిపాను. ఎండుగడ్డి పాటి వాసన కూడా లేదు. చీర మొహానికి హత్తుకున్నాను. పట్టు, రేకు, అంతే. మా సావుకారు మెచ్చుకునేంత శుభ్రంగా ఉంది.

చీర తెచ్చి ఇచ్చాను. లింగమ్మక్క మడతలు తనే విప్పి, కాళ్ల దగ్గర నుంచి మెడ దాకా, పాపకు దుప్పటి కప్పినట్టు కప్పింది. అంచు సరిచేసింది. సన్నజాజులు తలలో పెట్టింది. అప్పుడు మొదటిసారి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వీధంతా ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె నా చెయ్యి లాగి చెవిలో అడిగింది.

"నిజం చెప్పు రత్నా. అంత ఎండలో నిలబెట్టినారంట గదా. నా బిడ్డ వాసన కొట్టిందా?"

"లేదక్కా. దవనం వాసన వచ్చింది."

ఆమె ఆశ్చర్యపోలేదు. తల ఊపింది.

"నేనే పంపినా," అంది. "కాలు లేక నేను రాలేకపోతి. మధ్యాన్నం పెట్టె దగ్గరికి లాగించుకోని మూత తీసినా. నువ్వన్నా పో, నా బిడ్డకు తోడుండు అని చెప్పినా."

ఆ రోజంతా ఆమెకు తోడుగా కూర్చున్న పక్కింటి ఆమెను తర్వాత విడిగా పట్టుకుని అడిగాను. పెట్టె జరిపించడం నిజమేనంది. మూత తీయగానే ఇల్లంతా దవనం వాసన కమ్ముకుందట. లింగమ్మక్క పెట్టెలోకి వంగి ఏదో చెప్పుకుందట. ఆ వాసన ఎప్పుడు పోయిందో తాను గమనించలేదంది.

పద్మను శ్మశానానికి తీసుకుపోయాక నేను ఒంటరిగా కారు దగ్గరికి వెళ్లాను. నాలుగు తలుపులూ తెరిచి, వెనక సీటు మీద వంగి చూశాను. తడి గోనె వాసన ఉంది. దవనం లేదు. అంతసేపు ఉన్న వాసన జాడైనా ఉండాలి కదా, రెగ్జిన్ సీటుకైనా పట్టాలి కదా. పట్టలేదు.

మా ఆయన సావుకారు దగ్గర దాచలేదు. మరునాడే వెళ్లి, కారులో శవాన్ని తెచ్చానని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సావుకారు తనే వచ్చి, చెప్పులు విడిచి, వెనక సీటులో కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. దిగి, సరుకు ఎక్కించుకోమన్నాడు. ఆ చీరల మీద బెంగుళూరు నుంచి ఒక్క మాట రాలేదు.

దీనికి కారణాలు వెతకని రోజు లేదు. ఎవరైనా ఆసుపత్రిలో ఆమె బట్టలకు ఏదో చల్లి ఉంటారా? అలాగైతే బాగేపల్లి దాకా నాకు ఎందుకు రాలేదు? దుఃఖంలో మాకు అలా అనిపించిందా? ముగ్గురికీ ఒకేసారి, ఏమీ తెలియని రామప్ప తాతకు కూడా అనిపిస్తుందా? ఎండిన దవనం ఏదో ఒకనాడు వాసన కోల్పోతుంది, ఒప్పుకుంటాను. ఆ రోజే, ఆ పూటే కోల్పోవాలా? చదువుకున్నవాళ్లను అడిగాను. వాళ్లు చెప్పిన ఏ కారణమూ మొత్తానికి సరిపోలేదు.

కారును ఎనభైల్లో రాప్తాడు ఆయనకు అమ్మేశాం. ఆ దవనం కట్ట మాత్రం నా దగ్గరే ఉంది. లింగమ్మక్కే ఇచ్చింది. దవనం వచ్చే కాలంలో కొత్తది కొని పక్కన పెట్టి చూస్తాను. కొత్తది ఎండి, ఏళ్లు గడిచినా వాసన వస్తూనే ఉంటుంది. దీనికి రాదు.

లింగమ్మక్క బతికినన్నాళ్లు, ఎండలు ముదిరినప్పుడల్లా నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అదే మాట అడిగేది. చెప్పింది మరిచిపోయి కాదు, మళ్లీ వినడానికి. "నా బిడ్డ వాసన కొట్టిందా రత్నా?" లేదక్కా, దవనం వాసన వచ్చింది అనేదాన్ని. ఆమె మొహం చూస్తూ, కళ్లలో కళ్లు పెట్టి చెప్పేదాన్ని.

కారు నీడలో కూర్చుని నేను అంత కష్టపడి తయారు చేసుకున్న అబద్ధం ఒక్కసారి కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.